టోనీ జట్ – ఒక చరిత్రాచార్యుని మాట



నేను తెలుగు పండితుణ్ణి. ఐరోపా చరిత్రతో నాకున్న పరిచయం, సాంఘికశాస్త్రోపాధ్యాయులు సెలవు పెట్టిన దినాన వారి తరగతికి బదులు వెళ్ళినంత మాత్రమే. అట్లా వెళ్ళిన ఒకనాడు పదవ తరగతిలో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసింది. హిట్లరు ఆత్మహత్య, జపాను లొంగుబాటు, ఐక్యరాజ్య సమితి ఆవిర్భావం, అంతటితో పాఠం సమాప్తం. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, "తరువాత వాళ్ళంతా ఏమైపోయారు మాస్టారూ? ఇళ్ళు కూలిపోయినవాళ్ళు ఎక్కడ పడుకున్నారు?" అని అడిగాడు. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. నా వద్ద అంతకన్నా లేదు. గంట కొట్టారు.

పదవీ విరమణానంతరం కొన్నేళ్ళకు మా మేనల్లుడు అమెరికా నుండి వస్తూ ఒక లావుపాటి గ్రంథం తెచ్చాడు. విమానంలో చదువుకొందామని కొన్నాడట, ముప్పయి పుటలు దాటలేదట. "మీకు పొద్దుపోతుంది మామయ్యా" అని నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. దాని పేరు 'పోస్ట్‌వార్'. 1945 తరువాతి ఐరోపా చరిత్ర. గ్రంథకర్త టోనీ జట్. వెలువడిన సంవత్సరం 2005. పుటలు దాదాపు తొమ్మిదివందలు. ఆంగ్ల నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, మధ్యాహ్న భోజనానంతరం రోజుకు ఏడెనిమిది పుటల చొప్పున అయిదు నెలలు చదివాను. ఆ పిల్లవాని ప్రశ్నకు జవాబు మొదటి అధ్యాయంలోనే ఉన్నది.

1939కీ 1945కీ నడుమ యుద్ధకారణంగా ఐరోపాలో మరణించినవారు దాదాపు 3 కోట్ల 65 లక్షల మంది అని జట్ లెక్క. అది యుద్ధానికి ముందు ఫ్రాన్సు దేశపు మొత్తం జనాభాకు సమానం. వారిలో సగానికి పైగా ఆయుధం పట్టనివారు. సోవియట్ దేశంలో డెబ్బయి వేల పల్లెలు నేలమట్టమైనాయి. ఇటువంటి అంకెలు ఎవరైనా పోగు చేయగలరు. జట్ ప్రతిభ ఆ తరువాతి వాక్యాలలో కనిపిస్తుంది. మొదటి యుద్ధం ముగిసినప్పుడు సరిహద్దులను జరిపి మనుషులను ఉన్నచోటనే ఉంచారు. రెండవ యుద్ధం ముగిసినప్పుడు, ఒక్క పోలెండ్ విషయం మినహాయిస్తే, సరిహద్దులను ఉంచి మనుషులను జరిపారు అంటాడాయన. కోటికి పైగా జర్మన్లు తూర్పు ప్రాంతాల నుండి మూటాముల్లె సర్దుకొని నడిచిపోయారు. పలు జాతులు, పలు భాషలు కలగలిసి బ్రతికిన నగరాలు ఒకే భాష మాట్లాడే నగరాలైనాయి. నేటి ఐరోపాలోని శాంతికి పునాదిగా ఈ నిర్దాక్షిణ్యమైన వడపోత కూడ ఉన్నదని ఆయన సూచన. ఆ పుట చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. 1947లో మనకు రెండూ జరిగినాయి గదా! గీతా గీశారు, మనుషులనూ జరిపారు.

ఇంతకూ ఈ టోనీ జట్ ఎవరు?

1948 జనవరి 2వ తేదీన లండన్ నగరంలో, సామాన్య యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు క్షురకశాల నడిపినవారు. మతాచారాలు పెద్దగా పాటించని ఇల్లు, కాని మాటలకు కొదవ లేని ఇల్లు. బంధువుల వలన ఇంగ్లీషుతోబాటు రష్యన్, పోలిష్, యిడ్డిష్, ఫ్రెంచి పలుకులు వంటింట్లో వినబడుతూ ఉండేవట. ఆయనకా పేరు పెట్టినది తండ్రికి వరుసకు సోదరి అయిన టోనీ అనే అమ్మాయి జ్ఞాపకార్థం. నాజీలు ఆమెను బ్రసెల్స్ నుండి ఆష్విట్జ్‌కు తరలించి చంపివేశారు. పిలిచిన ప్రతిసారీ చరిత్ర గుర్తుకు వచ్చే పేరు అది.

చదివిన బడి ఇమాన్యుయెల్ స్కూలు. ఆ బడి అంటే ఆయనకు ఏ మాత్రం ప్రీతి లేదు. ఒక్క జర్మన్ భాషోపాధ్యాయుని తప్ప తక్కిన వారినెవరినీ మెచ్చుకొన్నట్టు కనబడదు. పిల్లలు 'జో' అని మారుపేరు పెట్టి పిలుచుకొన్న ఆ మాస్టారు మహా కఠినుడు, నవ్వెరుగనివాడు, సోమరితనాన్ని క్షమించనివాడు. అయినా ఆయన వద్ద రెండేళ్ళలో వచ్చిన జర్మన్ జీవితాంతం నిలిచిందని, బడిలో తాను పొందిన మేలు ఆ చదువేనని జట్ తన చివరి రోజులలో ఒక వ్యాసమే వ్రాశాడు. భాష నేర్పి బ్రతికినవాణ్ణి కాబట్టి ఆ వ్యాసం నాకు రెండుసార్లు చదవాలనిపించింది. ఈనాటి శిక్షణా తరగతులలో 'జో' మాస్టారుకు ఉత్తీర్ణత దక్కదు, అది వేరే సంగతి.

యౌవనంలో జట్ తీవ్రమైన జియోనిస్టు. వేసవి సెలవులలో ఇజ్రాయెల్ వెళ్ళి కిబ్బుట్జ్ పొలాలలో పని చేశాడు. 1967 యుద్ధకాలంలో స్వచ్ఛందంగా వెళ్ళి, యుద్ధానంతరం గోలన్ ప్రాంతంలో తక్కిన స్వచ్ఛంద సేవకులకు దుబాసీగా ఉన్నాడు. తాను ఊహించుకొన్న సమసమాజానికీ, అక్కడ సైనికుల నోట విన్న మాటలకూ పొంతన కుదరక తిరిగి వచ్చాడు. తదనంతర జీవితంలో ఏ 'వాదానికీ' పూర్తిగా లొంగకపోవడానికి బీజం అక్కడ పడిందని ఆయనే అంటాడు.

కేంబ్రిడ్జిలో కింగ్స్ కళాశాల, ప్యారిస్‌లో ఎకోల్ నార్మల్, మరల కేంబ్రిడ్జి. 1972లో డాక్టరేటు. సిద్ధాంత విషయం 1921–26 నడుమ ఫ్రెంచి సోషలిస్టు పార్టీ పునర్నిర్మాణం. 1979లో ప్రోవాన్స్ ప్రాంతపు రైతులలో సోషలిజం ఎట్లా వేళ్ళూనిందో ఒక గ్రంథం వెలువరించాడు. అదే సంవత్సరం సాంఘిక చరిత్రకారులు రాజకీయాలను వదలివేసి అంకెలలో, సిద్ధాంతాల పరిభాషలో మునిగిపోతున్నారని ఒక వ్యాసంలో దుమ్మెత్తి పోశాడు. తోటివారు నొచ్చుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి ఒకటి. ఖండనమండనాలలో మన పండితులకు తీసిపోయేవాడు కాదన్నమాట!

ఇక్కడివరకు ఆయన ఫ్రాన్సు దేశ చరిత్రలో ఒక మూలకు పరిమితమైన ప్రొఫెసరు మాత్రమే. మలుపు వచ్చినది 1980లలో, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతున్న కాలంలో. నడివయస్సు దాపురించే వేళ కొందరు కొత్త కారు కొంటారు. ఈయన చెక్ భాష నేర్చుకొన్నాడు. పుస్తకాలు ముందు పెట్టుకొని రాత్రులు కూర్చొని విభక్తులు వల్లెవేశాడు. అరవై దాటిన తరువాత కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం నేర్చిన నాబోటి వాళ్ళకు, ఈ టపా చదివే మరి కొందరికి, ఆ కష్టమూ ఆ ఆనందమూ తెలియనివి కావు. ఆ భాషతో ఆయనకు ఐరోపా రెండవ సగం తెరుచుకొన్నది. ప్రాగ్ వెళ్ళాడు. నిషిద్ధ గ్రంథాలను రహస్యంగా చేరవేసేవారిలో ఒకడైనాడు. పోలెండ్ మిత్రులు దొరికారు. 1968లో ప్యారిస్ వీథులలో విప్లవం చేస్తున్నామని తమ తరం ఉప్పొంగుతూ ఉంటే, అదే సంవత్సరం వార్సాలో, ప్రాగ్‌లో విద్యార్థులు నిజమైన మూల్యం చెల్లించారని, తాము అటు తలయైనా త్రిప్పలేదని తరువాత ఘాటుగా వ్రాశాడు.

1989 డిసెంబరు. ప్రాగ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిపోతున్న వేళ అక్కడుండి తిరిగి వస్తూ, వియన్నాలో వెస్ట్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో రైలు మారుతూ ఉండగా 'పోస్ట్‌వార్' వ్రాయాలన్న సంకల్పం కలిగిందట. అప్పటివరకు ఐరోపా చరిత్ర అంటే పశ్చిమ ఐరోపా చరిత్రే. తూర్పు సగానికి వేరే పుస్తకం, వేరే ఆచార్యుడు. రెండు సగాలనూ ఒకే కథగా చెప్పాలంటే ఇరుప్రక్కల భాషలూ రావాలి. సంకల్పం నుండి గ్రంథం దాకా పదహారేళ్ళు పట్టింది.

ఈ నడుమ 1987లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి మారాడు. 1995లో అక్కడ రెమార్క్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని గురించి లోకప్రసిద్ధమైన నవల వ్రాసిన ఎరిక్ మరియా రెమార్క్ పేరది. ఆయన భార్య, చార్లీ చాప్లిన్ సరసన నటించిన పాలెట్ గాడర్డ్, విశ్వవిద్యాలయానికి వ్రాసి యిచ్చిన ఆస్తితో ఏర్పడిన సంస్థ. చిత్రంగా లేదూ?

ఆచార్యుడు వ్యాఖ్యాతగా మారిన కథ ఇక చెప్పాలి. నాకు ముఖ్యమైనది ఈ భాగమే.

1992లో వెలువడిన 'పాస్ట్ ఇంపర్ఫెక్ట్' గ్రంథంలో ఆయన ఫ్రెంచి మేధావులను బోనెక్కించాడు. 1949లో బుడాపెస్ట్‌లో రాయిక్ విచారణ, 1952లో ప్రాగ్‌లో స్లాన్‌స్కీ విచారణ, రెండూ అబద్ధపు అభియోగాలతో, చెప్పించిన ఒప్పుకోళ్ళతో సాగినవే. ఉరిశిక్షలు పడ్డాయి. సార్త్ర్ వంటి వారు ఆనాడు ఏమన్నారు, ఏమనలేదు, ఎందుకనలేదు అన్నది ఆ గ్రంథ విషయం. మాట్లాడగలిగి మౌనం వహించినవానిని, తెలిసి సమర్థించినవానిని ఆయన క్షమించలేదు. ఆరేళ్ళకు ప్రతిగా మరొక గ్రంథం: బ్లూమ్, కామూ, ఆరోఁ అనే ముగ్గురిని గురించి. తమ పక్షం వారు తమను వెలివేస్తారని తెలిసీ తోచిన మాట చెప్పినవారు ఆ ముగ్గురూ.

ఇతరులను గురించి ఇట్లా వ్రాయడం సులభమే. అయిదేళ్ళకు ఆ పరీక్ష ఆయనకే వచ్చింది. 2003 అక్టోబరులో న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్ పత్రికలో ఇజ్రాయెల్ గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఒక మతం వారికి, ఒక జాతి వారికి ప్రత్యేక హక్కులిచ్చే రాజ్యమన్నది కాలం చెల్లిన భావన అని, యూదులూ పాలస్తీనియనులూ సమాన పౌరులుగా ఉండే ఒకే రాజ్యం గురించి ఆలోచించే సమయం వచ్చిందని అందులోని వాదం. వారం తిరగకుండానే వెయ్యికి పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 'న్యూ రిపబ్లిక్' పత్రిక సంపాదకవర్గం నుండి ఆయన పేరు తొలగించారు. చిరకాల మిత్రులు కొందరు మాటలు మానివేశారు. 2006 అక్టోబరులో న్యూయార్క్‌లోని పోలెండ్ కాన్సులేటులో జరగవలసిన ఆయన ప్రసంగం, కొన్ని యూదు సంస్థల వారు ఆరా తీసిన మీదట, కొద్ది గంటల ముందు రద్దయింది. దానిని నిరసిస్తూ నూరుమందికి పైగా రచయితలు, ఆచార్యులు బహిరంగ లేఖ వ్రాశారు. వారిలో ఆయన అభిప్రాయంతో ఏకీభవించనివారు కూడ ఉన్నారు.

ఆ ప్రతిపాదన మంచిదా, కాదా? తెలుగుదేశపు మూల కూర్చొని తీర్పు చెప్పే సాహసం నేను చేయను. ఒకే రాజ్యమైతే యూదులకు భద్రత ఉండదని వాదించినవారందరూ దురుద్దేశంతో వాదించలేదు. వారి వెనుకా ఆష్విట్జ్ ఉన్నది. నన్ను ఆకట్టుకొన్నది వేరొకటి. ఆ మాటలన్నది పరాయివాడు కాదు. హీబ్రూ నేర్చి, ఆ పొలాల్లో చెమటోడ్చి, చనిపోయిన బంధువు పేరు మోస్తున్నవాడు. పరుల తప్పులు వ్రాయడానికి పాండిత్యం చాలు. తనవారిని గురించి వ్రాయడానికి పాండిత్యం చాలదు. మన దేశంలో కులం గురించో, ప్రాంతం గురించో తనవారికి రుచించని మాట ఒక్కటి బహిరంగంగా అన్నవారికి తెలుస్తుంది ఆ తరువాత పెళ్ళిపందిట్లో కుర్చీలెట్లా ఖాళీ అవుతాయో.

ఇరాక్ యుద్ధాన్ని ఆయన వ్యతిరేకించాడు. దానికి వంత పాడిన అమెరికన్ ఉదారవాదులను 2006లో లండన్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో చీల్చి చెండాడాడు. కమ్యూనిజాన్ని చివరిదాకా విడనాడని మహాచరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్‌నూ వదలలేదు. ఆయన విద్వత్తుకు నమస్కరిస్తూనే, స్టాలిన్ యుగపు నేరాలకు ముఖాముఖి నిలువలేదని 2003లో నిలదీశాడు. జట్ పోయిన తరువాత, 2012లో, తొంభై నాలుగేళ్ళ హాబ్స్‌బామ్ ఆయనను స్మరిస్తూ ఒక వ్యాసం వ్రాశాడు. ప్రశంస ఉన్నది, చురకా ఉన్నది. జట్ వాదనాపద్ధతి న్యాయమూర్తిది కాదు, కేసు గెలవాలని పట్టుబట్టిన వకీలుది అని ఆయన భావం. అందులో నిజం లేకపోలేదు. సార్త్ర్ మీద వ్రాసిన పుటలలో నాకూ ఆ నల్లకోటు కనిపించింది. ఇంకొక కొరత కూడ చెప్పాలి. ఐరోపా సంక్షేమ రాజ్యాల మీద ఆయనకున్న మమకారం 'పోస్ట్‌వార్' అంతటా పరుచుకొని ఉన్నది గాని, సామ్రాజ్యాలు కోల్పోవడమన్నది ఆ తొమ్మిదివందల పుటలలో చిన్న భాగమే. మన దేశానికి దక్కినచోటు మరీ స్వల్పం. ఐరోపా కథ గదా అని సరిపెట్టుకొన్నాను గాని, సంతృప్తి కలుగలేదు.

2008 సెప్టెంబరులో ఆయనకు ఏ.ఎల్.ఎస్. అనే నాడీవ్యాధి అని తేలింది. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడతాయి. బుద్ధి మాత్రం చెక్కుచెదరదు. ఏడాది తిరిగేసరికి మెడ క్రింద ఏ అవయవమూ కదలని స్థితి. 2009 అక్టోబరు 19న చక్రాల కుర్చీలో, ముఖానికి శ్వాసగొట్టంతో, విశ్వవిద్యాలయ సభలో ప్రసంగించాడు. తన వ్యాధిని గురించి మాట్లాడితే జనానికి స్ఫూర్తిగా ఉంటుందని కొందరు సూచించారట. ఆయన ముఖం మీది గొట్టం గురించి ఒక హాస్యోక్తి విసిరి, ఆ సంగతి అంతటితో వదిలేసి, సామాజిక ప్రజాస్వామ్యం గురించి చెప్పుకొంటూ పోయాడు. చేతిలో కాగితం లేదు, ఉన్నా త్రిప్పడానికి చేయి లేదు. ఆ ఉపన్యాసమే పెరిగి 2010లో 'ఇల్ ఫేర్స్ ద ల్యాండ్' అనే పుస్తకమైంది. ఆ పేరు గోల్డ్‌స్మిత్ పద్దెనిమిదవ శతాబ్దంలో వ్రాసిన 'పాడుపడిన పల్లె' కావ్యంలోనిది. అందులోని పల్లెటూరి బడిపంతులు మా తరం వారికి కాలేజీ ఆంగ్ల పాఠాల నుండి బాగా తెలిసినవాడే.

రాత్రుళ్ళు ఆయనకు నరకం. ప్రక్కకు ఒత్తిగిలలేడు, దురద పుడితే గోకుకోలేడు. ఆ ఏడెనిమిది గంటలు గడపడానికి తన గతాన్ని నెమరు వేసుకొంటూ మనస్సులోనే వ్యాసాలు రచించేవాడు. పొద్దున చెప్పి వ్రాయించాలి, అందాకా గుర్తుండాలి. దానికి ఒక ఉపాయం పన్నాడు. చిన్నప్పుడు కుటుంబంతో స్విట్జర్లాండులోని షెసియేర్ గ్రామంలో ఒక చిన్న కొయ్య విడిదింట్లో సెలవులు గడిపారట. ఆ ఇంటిని మనస్సులో నిలుపుకొని, ఒక్కొక్క ఆలోచనను ఒక్కొక్క గదిలో, ఒక్కొక్క మెట్టు మీద ఉంచడం; తెల్లవారిన తరువాత అదే వరుసలో నడుస్తూ ఒక్కొక్కటే తీసి అప్పజెప్పడం. ఐరోపాలో ప్రాచీన వక్తల నాటి నుండి ఉన్న పద్ధతే అది, కాని వారు దానికి రాజప్రాసాదాన్ని ఊహించుకొనేవారు. ఈయన చిన్న విడిదితో సరిపెట్టుకొన్నాడు. ఇది చదువుతూంటే మన అవధానుల ధారణ గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? పృచ్ఛకుల అల్లరి నడుమ పూరణ లన్నిటినీ మనస్సులో దాచి, చివర తొణకకుండా వరుసగా అప్పగించడం చిన్నప్పటి నుండి చూచినవాళ్ళం. అయితే అవధానికి ఎదుట సభ ఉంటుంది, 'భళా' అనే గొంతులుంటాయి. ఈయనకు చీకటి మాత్రమే ఉన్నది. ఆ వ్యాసాల సంపుటి 'ద మెమరీ షాలే', 2010లోనే ఆయన మరణానంతరం వెలువడింది.

ఆ సంపుటిలో మాటలను గురించిన వ్యాసమొకటి ఉన్నది. అది నా చేతికి వచ్చిన సమయం విచిత్రమైనది. ముప్పయి నాలుగేళ్ళు పద్యాలు ఎత్తుకొని ఎత్తుకొని అరిగిన గొంతుకు చిన్న శస్త్రచికిత్స జరిగి, వైద్యులు మూడు వారాలు మౌనం విధించారు. పలక మీద వ్రాసి చూపించేవాణ్ణి. కాఫీలో చక్కెర చాలలేదని పలక మీద వ్రాయడం ఒక యెత్తు; మనవరాలు పద్యంలో యతి తప్పి చదువుతుంటే బలపం వెదుక్కోవడం మరొక యెత్తు. నాకు మూడు వారాల తరువాత గొంతు వస్తుందని తెలుసు. జట్ ఆ వ్యాసం వ్రాయించేనాటికి నాలుక తడబడుతున్నది, ఎదుటివారికి అర్థం కావడం కష్టమవుతున్నది. మనస్సులో వాక్యం సిద్ధంగా ఉన్నది, నోరు దాటి రావడం లేదు. అటువంటి మనిషి ఆ వ్యాసంలో తన దుఃఖం కొద్దిగానే చెప్పుకొన్నాడు. లోకంలో మాట శుద్ధి తగ్గుతున్నదని, తప్పుల తడకగా మాట్లాడటం నిజాయితీకి గుర్తుగా చెలామణి అవుతున్నదని, మాట మసకబారితే ఆలోచన మసకబారినట్లేనని వాదించాడు. వ్యాకరణం చెప్పినంతకాలం నేను పిల్లలకు చెప్పాలనుకొన్నది ఇదే. ఇంత సూటిగా చెప్పడం నాకు చేతకాలేదు, వారికి పరీక్షలో రెండు మార్కుల సంధి చాలేది.

2010 ఆగస్టు 6న న్యూయార్క్‌లో మరణించాడు. వయస్సు 62. నాకంటె చిన్నవాడై పోయాడన్నమాట.

చివరి గ్రంథం ఆయన వ్రాసినది కాదు, మాట్లాడినది. చేతులు పడిపోయిన తరువాత తనకంటె ఇరవైయేళ్ళు చిన్నవాడైన తిమొతీ స్నైడర్ అనే చరిత్రకారుడు వారానికొకసారి రైలెక్కి వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. ఇరువురూ ఇరవయ్యవ శతాబ్దాన్ని గురించి మాట్లాడుకొన్నారు. 2012లో అది అచ్చయింది. చదువుతూ ఉంటే గురుశిష్య సంవాదంలా మొదలై, కొంతసేపటికి ఎవరు గురువో తెలియనట్లు సాగుతుంది.

వ్రాయాలనుకొని వ్రాయలేకపోయిన గ్రంథమొకటి మిగిలిపోయింది. అది రైళ్ళ చరిత్ర. పసితనంలో ఒంటరిగా లండన్ రైళ్ళలో తిరగడమే ఆయనకు స్వర్గమట. పట్టాలెక్కడం ఇక ఎన్నటికీ సాధ్యపడదన్నది తన వ్యాధిలో అన్నిటికంటె బాధించే ఊహ అని చెప్పుకొన్నాడు. ఆ గ్రంథానికై సిద్ధం చేసుకొన్న భావాలు రెండు వ్యాసాలుగా మాత్రం దొరుకుతున్నాయి. ఆయన భార్య జెన్నిఫర్ హోమన్స్ కూర్చి 2015లో ప్రకటించిన సంపుటిలో చేర్చారు. రైల్వేస్టేషను ఉన్న ఊళ్ళో పుట్టి, మెయిలు రాకను బట్టి అన్నం వేళ తెలిసికొంటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ రెండిటిని గురించి నాకు చెప్పవలసింది చాలానే ఉన్నది. అది వచ్చే టపాలో.